ముక్క ఎవరికి? పులుసు ఎవరికి?

ఆదివారం వచ్చిందంటే చాలు... చికెన్ షాపుల ముందు బారులు, వంటింట్లో అల్లంవెల్లుల్లి ఘుమఘుమలు. కూర దించగానే లెగ్‌పీసులు పిల్లలకి, కండ ముక్కలు ఇంటాయనకి వెళ్లిపోతాయి. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే ఇల్లాలి కంచంలోకి వచ్చేది మెడ ముక్క, కాస్తంత పులుసు. 'సారమంతా పులుసులోనే ఉందిలే' అని ఆమే సర్దిచెప్పుకుంటుంది.

నిజానికి సారం ముక్కలోనే ఉంది. ఎంత ఉడికించినా మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం మాంసంలోనే ఉండిపోతాయి. పులుసులోకి దిగేది నూనె, ఉప్పు, మసాలా, కొద్దిపాటి విటమిన్లు, ఖనిజ లవణాలు మాత్రమే.

ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే 55 కిలోల మహిళకి దాదాపు 46 గ్రాములు. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఇంకా ఎక్కువే కావాలి. చర్మం తీసిన వంద గ్రాముల పచ్చి బ్రెస్ట్ ముక్కల్లో సుమారు 22 గ్రాములు, తొడ ముక్కల్లో 19 గ్రాముల దాకా ఉంటాయి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. పైగా మన అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం ఈ రెండింటిలోనూ పుష్కలం.

పచ్చసొన పారేస్తున్నారా?

కొవ్వు భయంతో పిల్లలకి కూడా తెల్లసొనే పెట్టే ఇళ్లున్నాయి. గుడ్డులోని మాంసకృత్తుల్లో దాదాపు నలభై శాతం పచ్చసొనలోనే ఉంటాయి. ఏ, డి, బి12 విటమిన్లు, మెదడు ఎదుగుదలకి తోడ్పడే కోలిన్ కూడా అందులోనివే. ఆరోగ్యవంతులు రోజుకో గుడ్డు పూర్తిగా తినొచ్చు. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుల్ని అడిగి తినడం మేలు.

పచ్చిగుడ్డు తాగితే బలమన్నదీ అపోహే. అందులోని మాంసకృత్తులు సగమే ఒంటబడతాయి, ఉడికిస్తే దాదాపు తొంభై శాతం అందుతాయి. పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ప్రమాదమూ ఉంది. ఇక పెంకు గోధుమరంగులో ఉన్నా, తెల్లగా ఉన్నా అది కోడి జాతిని బట్టి వచ్చే తేడానే.

కోడి మాంసంలో, గుడ్డులో పీచు ఉండదు, సి విటమిన్ దాదాపు శూన్యం. అందుకే పక్కన ఓ ఆకుకూర, నిమ్మచెక్క ఉండాల్సిందే.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే కూర్చుని గుడ్డుతో భోజనం చేసే ఏర్పాటు చేశారు. ఇంటికి పంపితే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి వెళ్తుందో అందరికీ తెలిసిందే కదా! ఇంట్లో ఆ ఏర్పాటు చేయడానికి పథకాలేవీ అక్కర్లేదు. వడ్డన మొదలుపెట్టేటప్పుడే అమ్మ కోసం రెండు మంచి ముక్కలు విడిగా తీసిపెడితే సరి. ఆ పని పిల్లలు చేస్తే మరీ మంచిది.