అతిపెద్ద పార్టీ అయితే చాలదు

జర్మనీలోని థురింజియా రాష్ట్ర శాసనసభలో మొత్తం స్థానాలు 88. 2024 సెప్టెంబరు 1న జరిగిన ఎన్నికల్లో తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ 32.8 శాతం ఓట్లతో 32 స్థానాలు గెలిచి అందరికన్నా ముందు నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక జర్మన్ రాష్ట్ర ఎన్నికల్లో అలాంటి పార్టీ మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. అయినా అధికారం దానికి దక్కలేదు. 23 స్థానాల సంప్రదాయవాద సీడీయూ, 15 స్థానాల కొత్త పార్టీ బీఎస్‌డబ్ల్యూ, 6 స్థానాల సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్పీడీ కలిసి మూడు నెలల మంతనాల తర్వాత ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. పార్టీల రంగులను బట్టి దానికి ‘బ్లాక్‌బెర్రీ కూటమి’ అని పేరు పడింది. జనం గెలిపించింది మమ్మల్ని, గద్దెనెక్కింది ఓడినవాళ్లు అన్నది ఏఎఫ్‌డీ ఆక్రోశం. పైకి న్యాయంగా వినిపించే ఈ వాదనలో పస లేదు.

శాసనసభా ప్రజాస్వామ్యంలో ప్రభుత్వానికి ఊపిరి సభ విశ్వాసమే. థురింజియాలో గవర్నరు లేడు. పెద్ద పార్టీనో, ఇష్టమైన పార్టీనో పిలిచి ముందు ప్రమాణం చేయించి, మెజారిటీ సంగతి తర్వాత చూసుకొమ్మనే పద్ధతీ లేదు. సభ్యులే రహస్య ఓటింగులో ముఖ్యమంత్రిని ఎన్నుకుంటారు. మొదటి రెండు విడతల్లో మొత్తం సభ్యుల్లో సగానికి మించిన ఓట్లు రావాలి. మూడో విడతలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే పదవి. 2018లో కర్ణాటకలో 104 స్థానాల బీజేపీని గవర్నరు ముందు పిలవడం, సుప్రీంకోర్టు గడువు కుదించాక బలపరీక్షకు ముందే యడియూరప్ప రాజీనామా చేయడం మన పాఠకులు మరిచిపోయి ఉండరు. సభ తేల్చాల్సిన లెక్కను వేరొకరు తేలిస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. థురింజియాలో 45 మంది మద్దతు కూడగట్టుకోవడానికి ఏఎఫ్‌డీకి ఎవరూ అడ్డుపడలేదు. దానితో చేయి కలిపేవారే లేకపోయారు. కలపబోమని మిగతా పార్టీలు ఎన్నికలకు ముందే చెప్పాయి. ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఆ మాట విన్నాకే ఆ పార్టీలకో, సభలో చోటు దక్కని చిన్న పార్టీలకో ఓటేశారు. అది ప్రజాతీర్పు కాకుండా పోతుందా?

పెద్ద పార్టీదే పాలన అన్న సూత్రం మీద ఏఎఫ్‌డీకే నమ్మకం ఉందా అంటే, అదీ లేదు. 2019 ఎన్నికల్లో ఇదే రాష్ట్రంలో 31 శాతం ఓట్లతో అతిపెద్ద పార్టీగా నిలిచింది వామపక్షమైన డీ లింకే. దాని నేత బోడో రామెలోకు ముఖ్యమంత్రి పదవి దక్కకుండా 2020 ఫిబ్రవరి 5న ఏఎఫ్‌డీ ఏం చేసిందో రికార్డుల్లో ఉంది. మూడో విడత ఓటింగులో తాను నిలబెట్టిన అభ్యర్థికే ఒక్క ఓటూ వేయకుండా, సభలో అయిదుగురే ఉన్న ఎఫ్‌డీపీ నేత థామస్ కెమ్మెరిచ్‌కు మూకుమ్మడిగా ఓట్లు గుద్దింది. 45-44 తేడాతో ఆయన గెలిచారు. దేశమంతా భగ్గుమంది. ఈ పని క్షమించరానిదని, తీర్పును తిరగదోడాల్సిందేనని అప్పటి ఛాన్సలర్ ఏంగెలా మెర్కెల్ దక్షిణాఫ్రికా పర్యటనలో ఉండగానే ప్రకటించారు. మూడు రోజుల్లో కెమ్మెరిచ్ రాజీనామా చేశారు. ఆ దుమారంలోనే సీడీయూ జాతీయ అధ్యక్షురాలు పదవి నుంచి తప్పుకొంటానన్నారు. నాడు అతిచిన్న పార్టీని అందలమెక్కించినవాళ్లు నేడు అతిపెద్ద పార్టీ హక్కు గురించి పాఠాలు చెబుతున్నారు.

ఏఎఫ్‌డీని దూరం పెట్టడం కేవలం రాజకీయ కక్ష అనుకుంటే పొరపాటు. ఆ పార్టీ థురింజియా శాఖను నిర్ధారిత తీవ్రవాద సంస్థగా రాష్ట్ర రాజ్యాంగ పరిరక్షణ విభాగం 2021లోనే వర్గీకరించింది. నాజీల ఎస్ఏ దళం నినాదాన్ని సభల్లో వాడినందుకు దాని రాష్ట్ర నేత బ్యోర్న్ హ్యోకేకు హాలె నగర న్యాయస్థానం 2024లో రెండుసార్లు జరిమానా విధించింది. పైగా ఈ గడ్డకు ఒక చేదు అనుభవం ఉంది. 1929 డిసెంబరు ఎన్నికల్లో ఇక్కడ నాజీ పార్టీకి వచ్చింది 11.3 శాతం ఓట్లే. మెజారిటీ కోసం మితవాద పార్టీలు దాన్ని చేరదీశాయి. 1930 జనవరిలో విల్‌హెల్మ్ ఫ్రిక్ హోం, విద్యా శాఖల మంత్రి అయ్యాడు. జర్మనీలో ఒక రాష్ట్ర ప్రభుత్వంలో మంత్రి అయిన తొలి నాజీ అతడే. మూడేళ్ల తర్వాత హిట్లర్ మంత్రివర్గంలో హోం మంత్రీ అతడే. బాధ్యత అప్పగిస్తే దారికొస్తారన్న భ్రమకు ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో థురింజియాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రతిపక్షంలో ఉన్నా ఏఎఫ్‌డీ చేతిలో బలం తక్కువేమీ లేదు. కొత్త సభ తొలి సమావేశం 2024 సెప్టెంబరు 26న రసాభాస అయింది. వయసులో పెద్దవాడిగా సభను నడిపిన ఏఎఫ్‌డీ సభ్యుడు ఇతర పార్టీల తీర్మానాలను ఓటింగుకే రానివ్వలేదు. వైమర్‌లోని రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకున్నాక గానీ సీడీయూకు చెందిన థాడియస్ క్యోనిగ్ సభాపతిగా ఎన్నిక కాలేదు. రాజ్యాంగ సవరణకు, న్యాయమూర్తుల ఎంపిక సంఘానికి మూడింట రెండు వంతుల మద్దతు, అంటే 59 ఓట్లు కావాలి. ఏఎఫ్‌డీ మినహా సభలోని పార్టీలన్నీ ఒక్కటైనా 56 దాటవు. కాబట్టి గొంతు నొక్కేశారన్న ఏఎఫ్‌డీ మాట నిజం కాదు. మూడో వంతు ఓటర్లు ఇచ్చిన బలం దానికి పూర్తిగానే దక్కింది. దక్కనిది ప్రభుత్వమే.

ఇంతవరకు మేం కూటమి పక్షం. అయితే ఇంత పెద్ద అడ్డుగోడ కట్టినవారు తమ ఇంటిని చక్కదిద్దుకోకపోతే ఆ గోడ ఎన్నాళ్లో నిలవదు. మొదటి తప్పు సీడీయూది. కూటమి బలం 44, సరిగ్గా సగం. 12 మంది సభ్యులున్న డీ లింకే కలిసిరాకపోతే ఒక్క బిల్లూ గట్టెక్కదు. కానీ 2018 డిసెంబరులో హాంబర్గ్ మహాసభలో సీడీయూ చేసుకున్న తీర్మానం ఏఎఫ్‌డీతో పాటు డీ లింకేతోనూ పొత్తును, ఆ తరహా సహకారాన్ని నిషేధిస్తోంది. ఎన్నికల్లో ఓడితే మర్యాదగా దిగిపోయిన రామెలో పార్టీనీ, రాజ్యాంగ పరిరక్షణ విభాగం తీవ్రవాద ముద్ర వేసిన పార్టీనీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

ఈ నియమం ఎంత డొల్లదో థురింజియాలోనే తేలిపోయింది. కాట్యా వోల్ఫ్ డీ లింకే తరఫున 2012 నుంచి ఐసెనాఖ్ మేయర్‌గా పనిచేశారు. ఆ పార్టీలో ఉన్నంతకాలం సీడీయూకు ఆమె అంటరాని మనిషి. 2024లో సారా వాగెన్‌క్నెక్ట్ పెట్టిన బీఎస్‌డబ్ల్యూలోకి మారగానే ఆమె కూటమి భాగస్వామి, ఆర్థిక మంత్రి అయ్యారు. డిసెంబరు 12న సీడీయూ నేత మారియో ఫోగ్ట్‌ను సభ తొలి విడతలోనే 51 ఓట్లతో ముఖ్యమంత్రిగా ఎన్నుకుంది. కూటమికి ఉన్నవి 44. మిగతా ఏడు ఓట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. డీ లింకేతో ముందే ఒక అవగాహన కుదిరింది కాబట్టే ఆ రోజు గండం గడిచింది. 2025 మే 6న ఫ్రీడ్రిష్ మెర్జ్ ఛాన్సలర్ ఎన్నికలో తొలి విడత ఓడినప్పుడు, అదే రోజు మళ్లీ ఓటింగు జరపడానికి సీడీయూ ఆశ్రయించాల్సి వచ్చింది కూడా డీ లింకేనే. చాటున చేయి చాచి, బయట ముఖం తిప్పుకోవడం పెద్ద పార్టీకి తగిన పని కాదు.

రెండో తప్పు మూడు పార్టీలదీ. ఉక్రెయిన్ యుద్ధం మీద, అమెరికా క్షిపణుల మోహరింపు మీద కూటమి ఒప్పందంలో ఏ వాక్యం రాయాలన్న వాదనకే వారాల సమయం పోయింది. క్షిపణులు ఎక్కడ పెట్టాలో రాష్ట్ర రాజధాని ఎర్ఫర్ట్‌లోని సచివాలయం తేల్చదు. విదేశాంగ, రక్షణ విధానాలు బెర్లిన్‌వి. వాగెన్‌క్నెక్ట్ తన జాతీయ ఎన్నికల అవసరానికి రాష్ట్ర శాఖను పణంగా పెట్టారు. ఆ ఫలమూ దక్కలేదు. 2025 ఫిబ్రవరి పార్లమెంటు ఎన్నికల్లో ఆమె పార్టీ 4.98 శాతం దగ్గరే ఆగిపోయి, అయిదు శాతం గడప దాటలేకపోయింది. అదే ఎన్నికల్లో థురింజియాలో ఏఎఫ్‌డీ ఓట్లు 38.6 శాతానికి ఎగబాకాయి. ఏఎఫ్‌డీని అధికారంలోకి రాకుండా ఆపడం ఒక ఎత్తు, జనం మనసులోంచి తీసేయడం మరో ఎత్తు. రెండోది కూటమి ఇంకా మొదలుపెట్టనే లేదని ఆ అంకె చెబుతోంది.

జర్మనీ ఏకీకరణ నాటికి 26 లక్షలున్న థురింజియా జనాభా ఇప్పుడు 21 లక్షలు. చదువుకున్న యువత పశ్చిమ రాష్ట్రాలకు వెళ్లిపోయింది. పల్లెల్లో మిగిలినవారికి కావలసింది డాక్టరు, టీచరు, బస్సు. ఇవన్నీ చాలామటుకు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నవే. ‘వాళ్లు రాకూడదు’ అన్న ఒక్క మాట మీద ఏర్పడిన కూటమికి ‘మేమెందుకు ఉండాలి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.

సీడీయూ తన 2018 తీర్మానంలో డీ లింకేకు సంబంధించిన భాగాన్ని తక్షణం రద్దు చేయాలి. ఆ పార్టీతో సహకారాన్ని కాగితం మీద పెట్టి ప్రజలకు చూపాలి. బీఎస్‌డబ్ల్యూ రాష్ట్ర శాఖ బెర్లిన్ ఆదేశాల కోసం చూడటం మానాలి. ఏఎఫ్‌డీని అధికారానికి దూరంగా ఉంచాలన్న నిర్ణయం ముమ్మాటికీ సరైనదే. అది సరైనదని 2029 ఎన్నికల్లోగా పనిచేసి చూపించాల్సిన బాధ్యత మాత్రం ఆ నిర్ణయం తీసుకున్నవారిదే.