ఏడో నాటి పొయ్యి

మా పక్కింటి మాష్టారు శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే క్రైస్తవులు. శుక్రవారం పొద్దు గూకే వేళకు వారింట వంటలన్నీ ముగిసిపోతాయి. మళ్ళీ శనివారం పొద్దు గూకితే గాని పొయ్యి రాజుకోదు. ఈ సంగతి తెలిసి మా ఆవిడ, "వారానికో రోజు పొయ్యి వెలిగించవద్దనే దేవుడా! నేనూ మొక్కుకుంటాను" అంది. నవ్వి ఊరుకోలేక, మొన్న ఆదివారం మాష్టారినే అడిగాను - అసలు ఆ రోజున ఏం చేయవచ్చు, ఏం చేయరాదు అని. ఆయన బైబిలు చేతపట్టుకుని మా అరుగు మీదకే వచ్చేశారు.

పెద్ద పట్టీ ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇళ్ళలో నిప్పు రాజేయరాదు. దుక్కి రోజులైనా, కోత రోజులైనా పని ఆపవలసిందే. ఎడారిలో కురిసిన మన్నాను ఆరో రోజునే రెండింతలు ఏరి, వండి ఉంచుకోవాలి. ఏడో రోజున దానికోసం బయటికి పోరాదు. యెరూషలేము గుమ్మాలలో బరువులు మోయరాదని యిర్మీయా ప్రవక్త అన్నాడు. ఇలాంటివే మరికొన్ని. ఇంతకూ "పని" అంటే ఏమిటో ఎక్కడా విడమరచి చెప్పలేదు. ఆ లోటు తరువాతి యూదు పండితులు తీర్చారు. క్రీ.శ. 200 ప్రాంతాన కూర్చిన మిష్నాలో 39 రకాల పనులు లెక్కకట్టారు. ముడి వేయడం, ముడి విప్పడం, రెండక్షరాలు రాయడం కూడా వాటిలో ఉన్నాయి. నాబోటి రాతగాడికి ఇంతకంటే హాయి ఏముంది!

పట్టీ చిన్నదే గాని శిక్ష చిన్నది కాదు. సంఖ్యాకాండంలో ఒకడు ఆ రోజున కట్టెలు ఏరుకుంటూ దొరికిపోతే రాళ్ళతో కొట్టి చంపారు. "పుల్లలు ఏరినందుకా!" అంది మా ఆవిడ. మాష్టారు ఆ పుట త్వరగానే తిప్పేశారు.

నెహెమ్యా కథ కొంత తేలిక. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఆయన యెరూషలేములో అధికారి. తూరు పట్టణపు వర్తకులు ఆ రోజునే చేపలు తెచ్చి అమ్ముతున్నారని, ముందునాటి చీకటి పడుతుండగానే కోట తలుపులు మూయించాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే పడుకుని చూశారట. బేరం మీద ఆశ అలాంటిది. మళ్ళీ కనిపిస్తే పట్టిస్తాననేసరికి రావడం మానుకున్నారు.

యేసు శిష్యులు ఆకలికి చేలో వెన్నులు తుంచుకు తింటే పరిసయ్యులు తప్పుపట్టారు. ఇతరుల చేలో చేత్తో తుంచుకోవడం ధర్మశాస్త్రం ఒప్పుకున్నదే. తగవంతా రోజును గురించే. గోతిలో పడ్డ గొర్రెను ఆ రోజున పైకి తీయడం లేదా అని యేసు ఎదురడిగాడు. 18 ఏళ్ళుగా నడుము వంగిపోయిన ఆమెను ఆ రోజునే బాగుచేశాడు.

నాకు మాత్రం ద్వితీయోపదేశకాండం చెప్పిన కారణం పట్టుకుంది. నిర్గమకాండంలో, దేవుడు ఆరు రోజులలో సృష్టి చేసి ఏడో రోజున విశ్రమించాడు గనుక మీరూ విశ్రమించండని ఉంది. ఇక్కడ అది కాదు. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలే, కనుక మీ దాసదాసీలకూ మీతోపాటు విశ్రాంతి ఉండాలని. తాను మానడం సులువే. తన కింద పనిచేసేవాళ్ళ చేత మాన్పించడమే కష్టం. మా ఇంటి పనిమనిషికి నెలకు ఎన్ని సెలవులో లెక్కచూస్తే నాకే సిగ్గేసింది.

మాష్టారు ఆ పట్టీ పైకి చదివారు: నీవు, కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఇంట ఉన్న పరదేశి. మా ఆవిడ వేళ్ళు మడుస్తూ వింది.

"అన్నయ్యగారూ, ఇంకోసారి చదవండి."

చదివారు.

"భార్య ఏదీ?"

"'నీవు' అన్న మాటలోనే ఆమె కూడా ఉందని పెద్దలంటారమ్మా" అన్నారు మాష్టారు.

"అలాగా. మరి శుక్రవారం నాడు రెండు రోజుల వంట చేసేదెవరండీ?"

మాష్టారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకోసాగారు. నేను వీధిలోకి చూశాను.

"ఇవాళ ఆదివారమేగా, పాలు కాచి తెస్తాను" అంటూ మా ఆవిడ లేచింది.