నిక్షేపంపై లాభమా?

మనుస్మృతి పరిగణించిన పదునెనిమిది వివాదపదాలలో ఋణాదానం తరువాత రెండవది నిక్షేపం. విశ్వసించి అప్పగించిన సొమ్మే నిక్షేపం. స్వీకరించినవాడు దానికి రక్షకుడే గాని భోక్త కాడు. నిక్షేపాన్ని స్వేచ్ఛగా వాడుకొని జీవించేవానిని దండించి, సొమ్మును వృద్ధితో సహా ఇప్పించాలని యాజ్ఞవల్క్యస్మృతి శాసనం. శాస్త్రానికి వాణిజ్యంపై ద్వేషం లేదు. సరుకు అమ్మడం వేరు, పరుల సొమ్మును కాపాడడం వేరు, అంతే.

ఈ భేదాన్ని విస్మరించిన ఫలం కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ప్రత్యక్షమైంది. అక్కడి వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణ గృహాలు ప్రధానంగా ప్రజాధనంతో నడుస్తాయి. వసతికి వృద్ధులు తమ వాటా చెల్లిస్తారు. అయినా వాటిలో సగానికి పైగా లాభార్జన సంస్థలవే. మిగిలినవి ధర్మసంస్థలవి, పురపాలక సంఘాలవి. ప్రభుత్వం నిధిని భాగాలుగా ఇస్తుంది. శుశ్రూషకు, కార్యక్రమాలకు, ఆహారపదార్థాలకు ఇచ్చినదానిలో మిగిలినది తిరిగి చెల్లించవలసిందే. "ఇతర వసతి" అనే భాగంలో మిగిలినది మాత్రం సంస్థ ఉంచుకోవచ్చు. ఊడ్చడం, బట్టలు ఉతకడం, కట్టడాల మరమ్మతు ఈ భాగంలోనివే. అనగా లాభం పుట్టవలసింది చీపురులో, దుప్పటిలో.

శుశ్రూషాధనాన్ని ఎవరూ ముట్టడం లేదు కదా అని లాభసమర్థకులు దీనినే కవచంగా ధరిస్తారు. ఇది స్వవచోవ్యాఘాతం. శుశ్రూషాధనం నిక్షేపమని ఒప్పుకున్నవారు పక్కదుప్పటికి ఆ గౌరవం ఎందుకివ్వరు? మంచం పట్టిన వృద్ధురాలికి దేహశుశ్రూష ఎక్కడ ముగిసి శయ్యాశుద్ధి ఎక్కడ మొదలవుతుంది? ఆ గీత గీయడం ఏ నైయాయికునికీ సాధ్యం కాదు.

2020లో మహమ్మారి వేళ అయిదు గృహాలకు సాయంగా సైన్యం వెళ్ళింది. మే నెలలో వెలువడిన దాని నివేదికలో బొద్దింకలున్నాయి, మలినవస్త్రాలలో విడువబడిన వృద్ధులున్నారు, ఎంత పిలిచినా రాని సహాయం ఉంది. ఆ అయిదింటిలో నాలుగు లాభసంస్థలవి. ఒకటి కాదు. ఆ సత్యాన్ని దాచనక్కరలేదు. లాభాపేక్ష లేనంత మాత్రాన సేవ సిద్ధించదు.

అదే సంవత్సరం కెనడా వైద్యసంఘ పత్రికలో వచ్చిన అధ్యయనం మరింత సూక్ష్మమైనది. వ్యాధి గృహంలో ప్రవేశించడంలో భేదం కనిపించలేదు. ప్రవేశించిన తరువాత వ్యాప్తి, మరణాలు లాభసంస్థల గృహాలలో అధికం. పాత కట్టడాలు, ఒకే యాజమాన్యం కింద అనేక గృహాలు ఉండడం అందుకు ముఖ్యకారణాలుగా తేలాయి. పాత కట్టడాలనగా 1972 నాటి ప్రమాణాలవి, ఒక్కొక్క గదిలో నలుగురి వరకు ఉండేవి.

అయితే దోషం గోడలదే గాని లాభానిది కాదని మరొక సమాధానం. జడప్రకృతికి కర్తృత్వం చెప్పిన సాంఖ్యులు సైతం గోడను జవాబుదారీ చేయలేదు! కొత్త ప్రమాణాలు 1998లోనే వచ్చాయి. ఆ తరువాత రెండు దశాబ్దాలు పాత గదులను అలాగే ఉంచిన నిర్ణయం ఎవరిది? ఆ కాలమంతా లాభం పంచుకున్నదెవరు?

పరీక్ష సులభం. "ఇతర వసతి" భాగంలో మిగిలిన ధనాన్ని కూడా తిరిగి చెల్లించాలని ఆంటారియో శాసనసభ ఒక్క నియమం చేయాలి. ఆ తరువాత కూడా ఈ గృహాలను నడపడానికి ఎవరు నిలుస్తారో, ఎవరు అనుమతిపత్రం వెనక్కి ఇస్తారో చూడాలి.