బీరువ తాళం ఎవరి దగ్గరున్నది?

ఏడాది ఆఖరుకు చదువరులంతా లెక్కలు తీస్తరు. ఎన్ని పుస్తకాలు చదివిన్రు, ఏది గొప్పది, ఏది తేలిపోయింది అని. ఆ లెక్కల చివర ఒక ఏడుపు ఖాయంగ ఉంటది: చదివెటోళ్లు తగ్గిపోతున్నరు, సాహిత్యానికి కాలం చెల్లింది అని. ఎవరిండ్లల్ల తగ్గిన్రు? మా ఇంట్ల తగ్గాలంటె ముందుగాల ఉండాలె గద! మా తాతది వేలిముద్ర. మా నాయనది వేలిముద్ర. డిగ్రీ దాకా పోయినోళ్లల్ల మా ఇంట్ల నేనే మొదటోన్ని. మీ ఇండ్లల్ల చదువుకు పొద్దుగూకుతున్నదేమో, మా వాడల ఇప్పుడిప్పుడే తెల్లారుతున్నది.

2025లో నేను 11 పుస్తకాలు చదివిన. బడి, పరీక్షలు, ఎన్నికల డ్యూటీ పోను మిగిలిన రాత్రుల్ల చదివిన. 11 అంటె నవ్వెటోళ్లున్నరు. తాతల నాటి అల్మారాలున్నోళ్ల 11 వేరు. కోహెడల బస్సెక్కి సిద్దిపేటకో కరీంనగర్‌కో పోయి, అక్కడ దొరకక హైదరాబాద్ నుంచి తెప్పిచ్చుకున్నోని 11 వేరు. మీకు చదువుడంటె అభిరుచి. మాకు సాక్ష్యం కూడబెట్టుకునుడు.

సాక్ష్యమని ఎందుకంటున్ననో చెప్త. వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' చదివిన. ఇంగ్లీషులో 2011ల వచ్చింది, పి. సత్యవతి గారు తెలుగు చేసిన్రు. కరీంనగర్ జిల్లా వంగపల్లి మాదిగ కుటుంబం కథ. 2016 దాకా మా కోహెడ గూడ ఆ జిల్లాల్నే ఉండె. ఆ కుటుంబం పెద్దకు నిజాం 50 ఎకరాలు ఇస్తె దొర దక్కనియ్యలే. ఆఖరుకు ఆ ఇంటోళ్లు ఊరిడిసి రైల్వే పనికి పోయిన్రు. ఆ పేజీలు మా అమ్మకు చదివి వినిపించిన. ఆమె ఆశ్చర్యపోలే. "గిది చెప్పనీకె పుస్తకం కావాల్నా బిడ్డా? మీ తాత దొర బాయికి మోట బొక్కెనలు కుట్టి కుట్టి వాళ్ల ఎకరాలన్ని పారిచ్చిండు. మనకు గుంటెడన్న మిగిలెనా?" అన్నది. అమ్మ నోట్ల ఉన్నన్ని రోజులు అది గోస. ఏ కచేరిల దాఖలు కాలే. పుస్తకమెక్కినంక అది దస్తావేజు. దొరల దగ్గర కాయితాలున్నయి, మా దగ్గర గోస ఉన్నది. ఇన్నేండ్ల తగాదల కాయితమే గెలిచింది. అందుకే మాకు కాయితం కావాలె.

1934ల సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిన్రు. తెలంగాణల కవులే లేరని ఒకాయన అంటె పౌరుషమొచ్చి 354 మందిని నిలబెట్టిన్రు. గొప్ప పని, తెలంగాణ బిడ్డగ నాకూ గర్వమే. అయితె అంతకు మూడేండ్ల ముందే, 1931ల, ఇదే హైదరాబాదుల భాగ్యరెడ్డివర్మ 'వెట్టి మాదిగ' కథ రాసిన్రు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా నేను చదివిన ఏ తెలుగు వాచకంల ఆ కథ పేరు కనపడలే. తెలంగాణల కవుల్లేరంటె రోషమొచ్చిన పండితులకు, వాడల రాసెటోళ్లు లేరంటె ఎందుకు రాలే? ఆ రోషం మనమే తెచ్చుకోవల్సి వచ్చింది. గోగు శ్యామల గారు 'నల్లపొద్దు' తెచ్చి, 1921 నుంచి రాస్తున్న దళిత స్త్రీలను ఒక్క దగ్గర నిలబెట్టిన్రు. లేరన్నోళ్లకు అదీ జవాబు.

స్టాఫ్‌రూముల ఒక సారు సలహా ఇచ్చిండు: "మీ పుస్తకాలే గాదు, మంచి సాహిత్యం గూడ చదువు." ఈ 'మీ', ఈ 'మంచి' మధ్యలనే కులమంతా ఉన్నది. 1922ల ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' రాస్తె అది నవల. 2000ల వేముల ఎల్లయ్య 'కక్క' రాస్తె అది దళిత నవల. మాలపల్లి తెల్లోళ్ల నిషేధానికి గురైంది, దాని విలువ దానికున్నది. నా పేచీ ఆ పుస్తకంతోటి గాదు, పేర్లు పెట్టెటోళ్లతోటి. బయటినుంచి వాడను చూసి రాస్తె అందరి సాహిత్యం, వాడల పుట్టి వాడ భాషల రాస్తె వాడ సాహిత్యమా? కులం లేని పుస్తకం లేదు. కొన్నిటికి అట్ట మీద కనపడ్తది, కొన్నిటికి లోపల దాసుకోని ఉంటది.

మనోళ్లతోటి గూడ నాకు పేచీ ఉన్నది. 'నేనే బలాన్ని' చదివిన, టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ. మంత్రిగ చేసింది, డిప్యూటీ స్పీకర్‌గ చేసింది, 1969 తెలంగాణ ఉద్యమంల కొట్లాడింది. మాదిగింటి ఆడిబిడ్డ. మన సభల ఫ్లెక్సీల మీద ఆమె బొమ్మ ఏది? ఏప్రిల్ 14కు అంబేద్కర్ మెడల దండేస్తం, ఆయన పుస్తకం మాత్రం తెరువం. 1936ల లాహోరోళ్లు ఆయన ఉపన్యాసం చెప్పనియ్యకుంటె, 'కుల నిర్మూలన'ను సొంత ఖర్చుతోటి అచ్చేసిన మనిషి ఆయన. చదవమని అచ్చేసిండు, దండలెయ్యమని గాదు.

ఇగ బడి సంగతి. నేను పనిచేసిన ఒక బడికి కథల పుస్తకాలొచ్చినయి. వచ్చినయి వచ్చినట్టే బీరువల పెట్టి తాళమేసిన్రు. ఎందుకంటె పిల్లలు చింపుతరట! చదివితె చినుగుతయి. సర్కారు బడిల ఇయ్యాల ఎవరి పిల్లలు మిగిలిన్రో అందరికి ఎరుకే, 'చింపుతరు' అనేది ఎవరినో గూడ ఎరుకే. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉన్నది. వాడల రేకుల ఇంటికి గూడ ఆ పన్ను పడ్తది. పైసలు మాయి, పుస్తకాలు తాళం లోపల.

పూణెల ఫూలే దంపతుల బడిల చదివిన ముక్తాబాయి, 14 ఏండ్ల మాంగ్ పిల్ల, 1855ల మాంగ్ మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. మా మతం ఏందో చెప్పమని దేవున్నే నిలదీసింది. వాడ పిల్ల చేతుల పుస్తకం పెడితె ఏమైతదో 170 ఏండ్ల కిందనే తేలిపోయింది. తాళమేసెటోళ్ల భయం పుస్తకాలు చినుగుతయని గాదు.

అందుకే విద్యార్థులకు, కార్యకర్తలకు చెప్తున్న. ఈ ఏడాది ఎన్ని చదివినవని నన్నడిగితె 11 అని చెప్త, ఒడిసిపాయె. మీరు మీ ఊరి బడికి పోయి బీరువ తాళం ఎవరి దగ్గరున్నదో అడుగున్రి. పంచాయతి ఆఫీసుకు పోయి గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎక్కడ కట్టిన్రని అడుగున్రి. తాళం తీసినంక 'వెట్టి మాదిగ'ను, 'నల్లపొద్దు'ను ఆ బీరువల పెట్టున్రి. మల్ల తాళమెయ్యనియ్యకున్రి.