ఆసుపత్రిలో మనవాళ్లు – 4: తల్లికి మంచం ఏది?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఐసీయూలో పెట్టగానే తల్లికి అందరూ చెప్పే మాట ఒకటే: "ధైర్యం తెచ్చుకో, సర్దుకో." ఎప్పుడూ సర్దుకోవాల్సింది తల్లేనా? ఆసుపత్రి సర్దుకోదా?

మా పిన్ని కూతురు ఏడో నెలలో ప్రసవించింది. పత్తి చేలో కూలికి పోయే మనిషి. 1,300 గ్రాముల బిడ్డ లోపల వార్మర్ మీద, తల్లి బయట వరండాలో చాప మీద. మూడు గంటలకోసారి పాలు పిండి స్టీలు గ్లాసులో ఇచ్చేది. ఎవరు పట్టారో, బిడ్డ ఎంత తాగిందో తెలిసేది కాదు. పదకొండో రోజున నాతో అంది: "అక్కా, గేదెకైనా దూడ కళ్లముందుంటది. నాకు నర్సమ్మ చెప్తేనే బిడ్డ ఉన్నట్టు."

కనగానే తల్లితనం దానంతటదే రాదు. ఎత్తుకుంటే, ఒళ్లు తుడిస్తే, ఏడుపు ఎందుకో పోల్చుకుంటే వస్తుంది. ఆ పనులన్నీ వేరేవాళ్లు చేస్తుంటే తల్లి తన బిడ్డకే చుట్టమైపోతుంది. డిశ్చార్జి రోజున మాత్రం బిడ్డను చేతిలో పెట్టి "జాగ్రత్త" అంటారు. ఆమె చేతులు వణికితే "ఈమెకు బిడ్డను చూసుకోవడం రాదు" అని తేల్చేస్తారు.

ఇన్ఫెక్షన్ భయం నిజమే. చేతులు కడుక్కోమనడం వైద్యం. "వీళ్లకు శుభ్రత తెలీదు" అని తలుపు మూయడం కులం. "ముట్టుకోవద్దు" అనే మాట మన ఆడవాళ్లు తరతరాలుగా విన్నదే. అందుకే ఎదురడక్కుండా వెనక్కి జరుగుతారు.

కానీ సైన్సు ఏమంటోంది? 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గర్ రే పసికందులను తల్లుల రొమ్ము మీదే, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టించాడు. అదే కంగారూ మదర్ కేర్. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగి ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు నెలలోపు మరణాలు 15.7 శాతం. పుట్టిన వెంటనే మొదలుపెడితే 12 శాతం. అందుకోసం ఐసీయూలోనే బిడ్డల పక్కన తల్లులకు మంచాలు వేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని సిఫారసు చేసింది.

అంటే తల్లి విజిటర్ కాదు, వైద్యంలో భాగం. మరి ఆ 8 గంటలు ఎక్కడ కూర్చుంటుంది? ఏం తింటుంది? పోయిన కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గరున్న పెద్దబిడ్డను ఎవరు చూస్తారు?

1928లోనే బాంబే శాసన మండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ వాదించారు: తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలి అని. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. పత్తి చేలో సెలవు చీటీ ఎవరికివ్వాలి?

నర్సింగ్, మెడిసిన్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వార్డు తలుపు దగ్గర ఎవరిని ఆపుతున్నారో గమనించండి. విద్యార్థి సంఘాల మిత్రులారా, ఈసారి జిల్లా ఆసుపత్రికి వినతిపత్రం పట్టుకెళ్తే మూడు విషయాలు రాయండి: ఐసీయూలో బిడ్డ పక్కన తల్లికి మంచం, మూడు పూటలా భోజనం, బిడ్డ లోపల ఉన్నన్ని రోజులకు కూలి పరిహారం.

ధైర్యం సంగతి ఆమె చూసుకుంటుంది. ముందు మంచం వేయండి.

జై భీమ్.