డిశ్చార్జి చీటీలో రాయని మాట

1996 ఆగస్టులో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాసుపత్రిలో ఓ పాప 29వ వారానికే పుట్టేసింది. బరువు పన్నెండొందల యాభై గ్రాములు! దాదాపు పాతిక రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఆక్సిజన్ పెట్టి బతికించారు. బిడ్డ దక్కింది, అంతే చాలనుకుంటూ ఇంటికి తీసుకెళ్లారు అమ్మానాన్నలు. నాలుగున్నర నెలలప్పుడు ఓ పిల్లల డాక్టరు చూసి అనుమానపడ్డారు. అప్పటికే ఆలస్యమైపోయింది. అమెరికాదాకా తిరిగినా పాపకు చూపు రాలేదు.

నెలలు నిండని పిల్లల్లో కంటి రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా ఏర్పడవు. తర్వాత అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనా ఊడిపోతుంది. దీన్నే 'రెటినోపతి ఆఫ్ ప్రీమెచ్యూరిటీ' అంటారు. సకాలంలో పట్టుకుంటే లేజర్ చికిత్సతో చాలామందికి చూపు నిలబడుతుంది.

ఆ పాప డిశ్చార్జి చీటీలో ఈ ముప్పు గురించి ఒక్క ముక్క లేదు. కోర్టులో కేసు నిలబడింది అక్కడే. 2009లో జాతీయ వినియోగదారుల కమిషన్ 5 లక్షలు ఇమ్మంది. 2015 జులై 1న సుప్రీంకోర్టు ధరల పెరుగుదలనూ లెక్కగట్టి దాదాపు కోటీ 80 లక్షలు చెల్లించమంది. అప్పటికి ఆ పాపకు పద్దెనిమిది దాటింది.

34 వారాలకు ముందు పుట్టినా, బరువు రెండు కిలోలకన్నా తక్కువున్నా నాలుగు వారాల్లోగా రెటీనా పరీక్ష చేయించాలి. టార్చిలైటు వేసి చూస్తే సరిపోదు. డిశ్చార్జి చీటీలో ఆ పరీక్ష తేదీ లేకపోతే, ఆసుపత్రి గేటు దాటకముందే అడిగి రాయించుకోవాలి.