పాత ఫ్లాట్‌లో కొనేది గోడల్ని కాదు!

చిక్కడపల్లిలో ముప్పై ఏళ్ల ఫ్లాట్ ఒకటి చూశాం. మెట్లు అరిగిపోయాయి, లిఫ్ట్ మూలుగుతోంది. మా ఆయన మొహం చిట్లించారు. నాకేమో నచ్చేసింది. 2020లో మెట్రో వచ్చాక ఏరియా మారిపోతోంది. స్టేషన్‌కు నడిచెళ్లొచ్చు. పాత ఇళ్లు పడగొట్టి కొత్త అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. పైగా ఇలాంటి రీసేల్ ఫ్లాట్‌కు జీఎస్టీ ఉండదు.

అడ్వాన్స్ ఇవ్వబోతుంటే కింది ఫ్లోర్ ఆంటీ ఒక్క మాట అడిగారు: "మీ వాటాకు ఎన్ని గజాలొస్తాయమ్మా?"

తెల్లమొహం వేశాం. డాక్యుమెంట్ చూస్తే 22 గజాలే! అంతే సైజున్న పక్క ఫ్లాట్‌కు 40.

గోడలు ఏటా పాతబడతాయి. విలువ పెరిగేది నేలకే. రేపు బిల్డింగ్ పడగొట్టి మళ్లీ కడితే, మనకొచ్చే భాగం మామూలుగా ఆ గజాల లెక్కనే తేలుతుంది.

అందుకే చదరపు అడుగుల కన్నా ముందు, స్థలంలో అవిభక్త వాటా ఎంతో అడగండి. 1983 నుంచి ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లతో సరిచూసుకోండి. ఆ బిల్డింగ్ వయసుకు లోన్ ఎన్నేళ్లకు వస్తుందో బ్యాంకును ముందే కనుక్కోండి. అడ్వాన్స్ మాట ఆ తర్వాతే.

మేమా? ఆ ఫ్లాట్ వదిలేశాం. పక్కది అమ్మకానికొస్తే చెప్పమని ఆంటీకి నంబర్ ఇచ్చొచ్చాం!